యాంటెన్నా నిటారుగా ఉంటేనే మేలు

సంపాదకులకు నమస్కారం.

వైఫై అందడం లేదని కొత్త రూటర్ కొనేముందు పాతదాని చోటు మార్చి చూడాలి. కడ్డీ యాంటెన్నా కొన వైపు సిగ్నల్ దాదాపు వెళ్లదు. చుట్టూ చక్రంలా పరుచుకుంటుంది. కాబట్టి ఒకే అంతస్తు ఇంట్లో యాంటెన్నాలు నిటారుగా ఉండాలి. గదివైపు గురిపెట్టి వంచడం వృథా. మేడపైకీ అందాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. రూటర్ ఇంటి మధ్యన, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఇనుప బీరువా, చేపల తొట్టె పక్కన వద్దు: లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీరు పీల్చేస్తుంది. టీవీ వెనక దాచడం మరీ అన్యాయం! మార్చిన ప్రతిసారీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో దూరపు గదిలో సిగ్నల్ బలం కొలవండి. మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం; సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) ఉంటే వీడియో కాల్‌కు చాలు; మైనస్ 80కి పడిపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ వదిలి, గోడలు దాటడంలో మెరుగైన 2.4కి మారండి.

— ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్