పశువుల్ని మళ్లించే కుక్కలకు గుర్తింపు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరసల రోడ్డు వచ్చాక మా ఊళ్లలో పశువు తప్పిపోయిందంటే టెన్షన్ ఎక్కువైంది. పూర్వం గేదె పలుపు తెంచుకుంటే ఏ చెరువులోనో, పక్కవాళ్ల చేలోనో దొరికేది. ఇప్పుడు నేరుగా రోడ్డెక్కేస్తోంది. చీకట్లో తారు రోడ్డు మీద నల్ల గేదె నిలబడితే దగ్గరికి వచ్చేదాకా లారీ నడిపేవాళ్లకు కనబడదు. లైట్లు కళ్లలో పడ్డాయంటే గేదె అక్కణ్ణుంచి కదలదు. పోయేది పశువొక్కటే కాదు, బైకు మీద వచ్చే కుర్రాళ్లు కూడా.

మాకు రెండు గేదెలు, ఒక ఆవు, కొంచెం లిల్లీ తోట ఉన్నాయి. నల్లోడు అని ఒక కుక్క ఉంది. నాటు కుక్కే. గొర్రెల కాపర్ల దగ్గర పుట్టిన పిల్లని మా ఆయన తెచ్చి సాలలో దూడల పక్కనే పెంచాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరి పశువు తప్పినా మాకు ఫోను వస్తుంది. "అప్పా, నల్లోణ్ణి ఓసారి తీసుకురావా" అంటారు. అర్ధరాత్రైనా నేనో మా అబ్బాయో టార్చి, పలుపు, బకెట్లో కాస్త తవుడు పట్టుకుని బయల్దేరతాం.

కుక్కంటే పశువు మీద పడి తరుముతుందని చాలామంది అనుకుంటారు. తరిమే కుక్క ఈ పనికి పనికిరాదు. నల్లోడు ముందు దూరంగా చుట్టు తిరిగి రోడ్డు వైపుకు పోయి నిలబడతాడు. పశువుకు రోడ్డుకు మధ్య తనుంటాడన్న మాట. ఆ తర్వాతే మెల్లగా దగ్గరికి వస్తాడు. పశువు భుజానికి వెనక పక్క నిలబడితే అది ముందుకు నడుస్తుంది, భుజం దాటి ముందుకొస్తే వెనక్కి తిరుగుతుంది. ఇది కాపర్లందరికీ తెలిసిందే, నల్లోడికీ తెలుసు. మొరగడం తక్కువ. పశువు ఆగితే తనూ ఆగి కూర్చుంటాడు. ఆ ఆగడమే అసలు పని. బెదిరిన పశువుకు ఊపిరి తీసుకునే సమయం దొరికితే తవుడు బకెట్ చప్పుడుకు దానంతటదే మా వైపు నడిచొస్తుంది. కొత్తగా ఈనిన ఆవు దగ్గరికి మాత్రం ఏ కుక్కనీ పంపకూడదు. దూడ కోసం అది కొమ్ములతో కుమ్మేస్తుంది. చూలు గేదెనూ పరుగెత్తించకూడదు. అలాంటప్పుడు నల్లోణ్ణి గొలుసుతో పట్టుకుని మేమే మళ్లిస్తాం.

మొన్న వేసవిలో పక్క ఊరి పెయ్య ఒకటి బంతి తోటలో పడింది. తోటవాళ్లకు కోపం రావడం న్యాయమే, పూలు ఆనందపురం మార్కెట్‌కు పోవాల్సినవి. కానీ పదిమంది రాళ్లు విసిరేసరికి అది బెదిరి రోడ్డు వైపే పరుగెత్తింది. మేం వెళ్లేసరికి సర్వీసు రోడ్డు అంచున వణుకుతూ ఉంది, కాలికి రక్తం. నల్లోడు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాడు. చాలాసేపు ఎవర్నీ కదలొద్దని చెప్పాల్సి వచ్చింది. చివరికి అది తోట పక్క గట్టు మీదుగా నడిచి ఇల్లు చేరింది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చి కట్టు కట్టారు.

1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం చేలో పడ్డ పశువును పట్టుకుంటే 24 గంటల్లోగా బందెలదొడ్డికి, అంటే అలాంటి పశువుల్ని కట్టి ఉంచే దొడ్డికి, పంపాలి. మా చిన్నప్పుడు ఆ దొడ్డి ఉండేది. ఇప్పుడు పశువును పంపాలన్నా చోటు లేదు, అందుకే జనం రాళ్లు అందుకుంటున్నారు. జాతీయ రహదారుల మీద పశువులు లేకుండా చూడాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మంచిదే. కానీ రాత్రి పన్నెండింటికి రోడ్డు మీద ఉన్న గేదె దగ్గరికి ముందు చేరేది పక్కింటివాళ్లే.

ఇప్పుడు నా బాధ చెప్తాను. వీధికుక్కలను పట్టే బండి వచ్చినప్పుడు పక్క ఊరి కాపరి కుక్కను కూడా ఎత్తుకుపోయారు. మెడలో పట్టీ లేదు కాబట్టి వీధికుక్క అనుకున్నారట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి తిరిగి వదిలారు, నిజమే. అది లేనన్నాళ్లూ ఆ ముసలాయన మందను ఒక్కడే తోలుకున్నాడు. తిరిగొచ్చాక ఆ కుక్క కొన్నాళ్లు మనిషి చెయ్యి చూస్తేనే ముడుచుకుపోయింది. కరిచే కుక్కలను పట్టుకోవద్దని నేను అనను, మా మనవరాలూ ఆ వీధుల్లోనే బడికి వెళ్తుంది. పని చేసే కుక్క ఏదో, యజమాని ఎవరో తెలిసేలా ఒక ఏర్పాటు చేయమంటున్నాను, అంతే.

పశువుల చెవికి 12 అంకెల పసుపు ట్యాగు వేస్తున్నారు, ఏ పశువు ఎవరిదో దాంతో తెలుస్తోంది. అలాగే పొలం కుక్కలకు పంచాయతీలో పేరు రాసుకుని, యజమాని ఫోన్ నంబరు ఉన్న పట్టీ ఇవ్వొచ్చు. టీకా వేయించిన కుక్కకే పట్టీ అని షరతు పెట్టండి. అప్పుడు బద్ధకించేవాళ్లు కూడా వేయిస్తారు. తప్పిన పశువుకు సాయం వచ్చేవాళ్ల నంబర్లు రైతు సేవా కేంద్రం గోడ మీద రాయిస్తే, అర్ధరాత్రి ఎవర్ని పిలవాలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లకూ తెలుస్తుంది. మహావిశాఖ నగరపాలక సంస్థలో కలిసిన భీమిలి వైపు ఊళ్లకు కూడా ఇదే వర్తింపజేయాలి. అక్కడ పంచాయతీలు పోయి వార్డులు వచ్చాయి కానీ పశువులూ పొలాలూ పోలేదు.

ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజే పట్టీలు కూడా ఇస్తే జనం విడిగా రానక్కర్లేదు. ఉభాలు (వరినాట్లు) మొదలైతే పచ్చని చేలకు ఆశపడి పశువులు తాళ్లు తెంచుకోవడం ఇంకా ఎక్కువవుతుంది. జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులు ఈలోగానే ఆలోచించాలని మనవి.

ఇట్లు,
ఒక పాడి రైతు,
ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా