ఆర్థిక మంత్రి గారికి ఒక రొయ్యల యాప్ వాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం అమ్మా. మాది భీమవరం. మీ అత్తవారి నరసాపురం మాకు బస్సెక్కితే గంట. మీరు పెదమైనవానిలంకను దత్తత తీసుకున్నారని చదివి సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ చనువుతోనే తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో రాసినవాటికి ఏమైందో కింద చెబుతాను.

పెద్ద టెక్ కంపెనీలు తమ బలంతో చిన్నవాళ్లని తొక్కేయకుండా ముందే హద్దులు పెట్టే డిజిటల్ కాంపిటీషన్ బిల్లు గురించి మీకు చెప్పేంతవాణ్ని కాను. ముసాయిదా మీ శాఖదే. 2024 మార్చిలో బయటపెట్టి, మే 15 వరకు అభిప్రాయాలు పంపమన్నారు. నేనూ కూర్చుని పేజీన్నర రాసి పంపాను. ఆ తర్వాత ఇంకా అధ్యయనం చేయాలన్నారు. సరే, చేయండి అనుకున్నాను. ఈలోగా నా మీద ఒక అధ్యయనం జరిగింది, నా యాప్‌ని స్టోర్ నుంచి తీసేశారు. దాని గురించి మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఏ ఆఫీసుకో రాయను, ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది వద్దు. రెండింటికి ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు కొట్టి చూస్తే "పరిష్కరించబడింది" అని చూపిస్తోంది. ఏం పరిష్కారమైందో తెలిస్తే నేనూ సంతోషిస్తాను.

నాది చిన్న యాప్. రొయ్యల రైతులు రోజూ వేసిన మేత, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మిగిలింది, నీటిలో ఆక్సిజన్ అందులో రాసుకుంటారు. ఏ కౌంట్‌కి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే, ఎంత పలుకుతోందో పొద్దున్నే చూసుకుంటారు. రాత్రి కరెంటు పోయి నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే చెరువు గట్టు మీద పెట్టిన చిన్న డబ్బా ఫోన్‌కి అలారం పంపుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏమవుతుందో గోదావరి జిల్లాల కోడలికి నేను చెప్పాలా? నెలకి 99 రూపాయలు. ఆరు వందల చిల్లర మంది రైతులు. నేను, మా తమ్ముడు, ఒక కుర్రాడు. అంతే మా కంపెనీ.

2025 ఆగస్టు చివర్లో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్లింది. రైతులు పట్టుబడి పట్టాలా, ఇంకో వారం ఆగాలా అని తలపట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక అర్ధరాత్రి నా యాప్, ఫోన్లో యాప్‌లు దొరికే స్టోర్ నుంచి మాయమైంది. ఏ స్టోరో పేరు రాయను. రాస్తే ఉన్న ఆ కాస్త దారి కూడా పోతుందేమోనని భయం. నాలాంటివాడు ఒక స్టోర్ పేరు బహిరంగంగా రాయడానికి భయపడుతున్నాడంటే ఆ భయాన్ని కూడా మీ అధ్యయనంలో ఒక గడిలో రాసుకోమని మనవి.

కారణం ఏమిటంటే, నా ఖాతాకి "గతంలో రద్దయిన మరో ఖాతాతో సంబంధం" ఉందట. ఏ ఖాతా? చెప్పరు. ఏం సంబంధం? అదీ చెప్పరు. మా దగ్గర రెండేళ్ల కింద ఆరు నెలలు పనిచేసి వెళ్లిపోయిన ఒక అబ్బాయి సొంతంగా ఏదో గేమ్ పెట్టాడని విన్నాను, బహుశా అదే అయి ఉండొచ్చు. ఇది కూడా నా ఊహే. అప్పీలు పెట్టుకున్నాను. రాత్రి రెండు గంటలకి పంపితే పదకొండు నిమిషాల్లో జవాబు వచ్చింది, నిర్ణయం మారదని. ఏ మనిషి చదివాడమ్మా ఆ పదకొండు నిమిషాల్లో? ఇంకోసారి పంపాను. అదే ఉత్తరం, కామాతో సహా. నలభై ఏడు రోజులు పంపుతూనే ఉన్నాను. తాలూకా ఆఫీసులో అయితే కనీసం గుమాస్తా "రేపు రా" అంటాడు. అలా అనడానికైనా అక్కడ ఒక మనిషి ఉంటాడు.

యాప్ ఉన్న ఫోన్లలో అది అలాగే పనిచేసింది. కొత్త ఫోన్ కొన్నవాళ్లకే చిక్కు. కాళ్ల మండలం వైపు ఒక రైతు ఫోన్ మార్చి, స్టోర్లో నా యాప్ పేరు కొట్టి, కనిపించిన ఇంకేదో యాప్ వేసుకున్నాడు. అందులో ఉన్నవన్నీ ప్రకటనలే. ఆ వారంలో ఒక రాత్రి కరెంటు పోయింది. అలారం మోగలేదు. అదృష్టం, కాపలా కుర్రాడు మెలకువగా ఉండి జనరేటర్ వేశాడు. పొద్దున్నే ఆ రైతు ఫోన్ చేసి నన్ను తిట్టాడు. తిట్టాల్సిందే.

"ఆండ్రాయిడ్ ఓపెన్ కదా, స్టోర్ లేకపోతే ఫైల్ నేరుగా ఇవ్వొచ్చు కదా" అని మీ శాఖలో ఎవరైనా అనొచ్చు. అదే చేశాను. అసలు బాధ అక్కడే మొదలైంది.

స్టోర్ లేకుండా యాప్ వేసుకునే ఏపీకే ఫైల్ వాట్సాప్‌లో పంపాను. నొక్కితే ఫోను ఒకటికి మూడు హెచ్చరికలు చూపిస్తుంది. ఈ ఫైల్ ప్రమాదం, ఈ యాప్ ఎవరిదో తెలియదు, వద్దు, ఆగు. ఒక్కో కంపెనీ ఫోన్లో ఒక్కో రకం సెట్టింగ్. చదువుకున్న కుర్రాళ్లే కంగారు పడతారు, అరవై ఏళ్ల రైతు సంగతి చెప్పాలా? ఇది సరిపోదన్నట్టు, మా గ్రూపులోనే ఒకాయన వేరే ఏపీకే నొక్కాడు. ట్రాఫిక్ చలాన్ పేరుతో వచ్చింది. 38 వేలు పోయాయి. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించి, బ్యాంకు చుట్టూ తిప్పింది నేనే. ఆ మర్నాడు గ్రూపులో అందరికీ ఒకటే మాట, ఏపీకే అంటేనే దొంగ. పోలీసులు కూడా అదే చెబుతున్నారు. వాళ్లది తప్పనను. మా అమ్మకి నేనూ అదే చెప్పాను, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఏదీ ముట్టుకోవద్దని. అదే సాయంత్రం ఉండి ఊరి నుంచి ఒక రైతు ఫోన్ చేస్తే, "హెచ్చరిక వస్తుందండీ, పట్టించుకోకుండా ఓకే నొక్కండి" అని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే ఆ దొంగ గొంతులా వినిపించింది.

కాబట్టి గేట్లన్నీ బార్లా తెరిచేయండి అని నేను అడగడం లేదమ్మా. కాపలా కావాలి. కానీ ఆ కాపలావాడు ఊరివాళ్లని ఆపితే ఎందుకు ఆపావని అడగడానికి ఒక చోటు ఉండాలి కదా. ఇప్పుడు ఆ చోటు లేదు. ఉన్నా అది నాలాంటివాళ్లకి కాదు.

ఎవరికి ఉందో కూడా చెబుతాను. 2024 మార్చి 1న గూగుల్ తన ప్లే స్టోర్ నుంచి భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ లాంటి మన కంపెనీల యాప్‌లు తీసేసింది. ఫీజుల గొడవ. ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు కల్పించుకున్నారు. వారం తిరగకుండా యాప్‌లన్నీ వెనక్కి వచ్చాయి. మంచిదే, పెళ్లి సంబంధాలు ఆగకూడదు. కానీ అక్కడ పనిచేసింది మంత్రిగారి మాట. చట్టంలో ఏ సెక్షనూ కాదు. పెద్ద కంపెనీకి మంత్రి పలుకుతారు, రొయ్యల యాప్ వాడికి ఎవరు పలుకుతారు? నాకు మీ ఫోన్ నంబరు అక్కర్లేదు. నేను ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని లేకుండా ఒక చట్టం ఉంటే చాలు.

కంపెనీల పోటీలో అన్యాయం జరగకుండా చూసే సీసీఐ ఉంది కదా అంటారా? ఉంది. 2022 అక్టోబర్ 20న ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది. పేపర్లన్నీ ఆ అంకెనే పెద్ద అక్షరాల్లో వేశాయి. ఆ అంకెతో నాకేం పని? నాకు పనికొచ్చేవి ఆ ఆదేశాల్లో అడుగున ఉన్నాయి. వేరే యాప్ స్టోర్లను కూడా ప్లే స్టోర్ ద్వారా అందనివ్వాలి. స్టోర్ బయటి నుంచి యాప్ వేసుకోవడానికి అడ్డుపడకూడదు. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాని ఉంచింది, ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది. ఆ నాలుగులో ఈ రెండూ ఉన్నాయి. ఖజానాకి రావాల్సింది నిలిచింది, మాకు రావాల్సింది పోయింది. ఫోన్‌పే వాళ్లు 2024 ఫిబ్రవరిలో ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చారు. తెలుగుతో సహా పన్నెండు భారతీయ భాషలున్నాయి. కానీ ఆ స్టోర్ ఫోన్‌తో పాటు రాకపోతే, దాన్ని వేసుకోవడానికి కూడా నా రైతు ఆ హెచ్చరికలన్నీ దాటాలి.

యాప్‌లో డబ్బు కట్టించుకునే బిల్లింగ్ సంగతీ అంతే. 2022 అక్టోబర్ 25న సీసీఐ గూగుల్‌కి ఇంకో 936.44 కోట్లు వేసింది, 2025 మార్చిలో ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకి దించింది. ఈలోగా సొంత చెల్లింపు పద్ధతి పెట్టుకోనిస్తామని గూగుల్ చెప్పింది. అలా పెట్టుకుంటే వాళ్ల ఫీజు 4 శాతం తగ్గుతుంది, 15 కాస్తా 11 అవుతుంది. డబ్బు వాళ్ల గుండా పోకపోయినా 11 వాళ్లకే. 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణదారు దగ్గర చార్జీ తీయకూడదని చెప్పింది మీరే. అందుకు ఈ రోజుకీ మీకు దండం పెడతాను. రైతు మేత బస్తాలకి లక్ష రూపాయలు స్కాన్ చేసి కడితే కొట్టువాడికి రూపాయి కోత లేదు. అదే ఫోన్లో, అదే యూపీఐతో, 99 రూపాయల చందా కడితే పదకొండు రూపాయలు కోత. ఆ కొట్టువాడి మీద చూపించిన దయ మా మీద కూడా కాస్త చూపించమని అడిగితే అత్యాశా?

ఐఫోన్ సంగతి ఎత్తితే ఇంకా నవ్వు వస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకులు నాన్న చెరువుని తమ ఐఫోన్లో చూసుకుంటామంటారు. దానికి నేను ఏటా 99 డాలర్లు కట్టాలి. స్టోర్ బయట పెట్టుకునే దారి ఇక్కడ లేదు. యూరప్‌లో 2024 మార్చి నుంచి వేరే స్టోర్లు పెట్టుకోవచ్చు. జపాన్‌లో 2025 డిసెంబర్‌లో అలాంటి చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఫోను, అదే కంపెనీ. చట్టం ఉన్న చోట తలుపు తెరుచుకుంది. మన సీసీఐ 2021 డిసెంబర్ 31న యాపిల్ మీద విచారణకి ఆదేశించింది. ఆ రోజు పుట్టిన పిల్లలు బడికి వెళ్తున్నారు. గొడవ మాత్రం జరిమానా ఏ టర్నోవర్ మీద లెక్కకట్టాలన్న దగ్గర ఢిల్లీ హైకోర్టుకి ఎక్కింది.

మధ్యలో 2023 జనవరిలో భరోస్ అని మన సొంత ఫోన్ వ్యవస్థని ఇద్దరు కేంద్ర మంత్రులు చూపించారు. నేను నిజంగానే ఆశపడ్డాను. మా భీమవరం బజారులో ఆ ఫోన్ కోసం అడిగితే షాపువాడు నా వైపు జాలిగా చూశాడు. అది వదిలేయండి. 2025 నవంబర్ చివర్లో ప్రభుత్వ ఫోన్ భద్రతా యాప్ సంచార్ సాథీ ప్రతి కొత్త ఫోన్లోనూ ముందే ఉండాలని ప్రభుత్వమే ఆదేశం ఇచ్చి, డిసెంబర్ 3న వెనక్కి తీసుకుంది. అంటే తలుచుకుంటే ఫోన్ కంపెనీలకి ఆదేశం ఇవ్వడం మీ ప్రభుత్వానికి చేతనవును. మా విషయంలో మాత్రం ఇంకా అధ్యయనమే.

ఇప్పుడు టెన్షన్ ఇంకోటి. నా యాప్ పోయిన ఆ ఆగస్టులోనే గూగుల్ ఒక ప్రకటన చేసింది. 2026 సెప్టెంబర్ నుంచి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో, 2027 నుంచి మిగతా ప్రపంచంలో, స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్ అయినా దాని తయారీదారు తమ దగ్గర వివరాలిచ్చి నమోదై ఉండాలని. మోసాలు ఆపడానికట. 38 వేలు పోగొట్టుకున్నాయన్ని బ్యాంకుకి తీసుకెళ్లినవాణ్ని, ఆ మాట అబద్ధమని నేను అనలేను. కానీ ఆ రిజిస్టర్ ఎందుకు ఒక కంపెనీ చేతిలో ఉండాలి? మేత కొట్టుకి లైసెన్సు ప్రభుత్వం ఇస్తుంది, పక్క మేత కంపెనీ ఇవ్వదు కదా. గోల జరిగాక, తెలిసిన వినియోగదారుల కోసం హెచ్చరికలతో ఇంకో దారి ఉంచుతామని 2025 నవంబర్‌లో అన్నారు. నా రైతు "తెలిసినవాడి" లెక్కలోకి వస్తాడా రాడా, ఎవరిని అడగాలి?

బిల్లు తీసుకురండమ్మా. ముసాయిదాలో లోపాలున్నాయని పెద్ద పెద్దవాళ్లు అంటున్నారు, ఉంటే దిద్దండి. యాప్ తీసేసేముందు కారణం రాసి చెప్పాలి. అప్పీలు మనిషి చదవాలి, ఆ మనిషికి పేరుండాలి. ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువుండాలి. వేరే స్టోర్ దొంగ దారిలా కాకుండా రాజమార్గంలో రావాలి. ఎవరు నిజమైన తయారీదారో తేల్చే పని ప్రభుత్వం చేయాలి, లేదా లాభాపేక్ష లేని సంస్థ చేయాలి. అన్నీ ఒకేసారి కాకపోతే, కనీసం ఆ కారణం చెప్పడం ఒక్కటైనా. అప్పీలు మనిషి చదవాలన్నది ముందే రాశాను, మళ్లీ రాస్తున్నాను. అది రాకపోతే మిగతావి వచ్చినా నాకు ఉపయోగం లేదు.

కోపంలో ఎక్కడైనా మాట తూలి ఉంటే మన్నించండి. ఈ లేఖ రాస్తుండగానే ఆకివీడు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. కొత్త ఫోన్ కొన్నాడట, యాప్ ఎలా వేసుకోవాలని అడిగాడు. "ముందు ఒక హెచ్చరిక వస్తుందండీ..." అని మొదలుపెట్టాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "మా అబ్బాయి వచ్చాక చేయిస్తాలే బాబూ" అని పెట్టేశాడు.

ఇట్లు,
తమ జవాబు కోసం చూసే
ఒక రొయ్యల యాప్ వాడు,
భీమవరం