చెక్‌డిస్క్ కంటే ముందు నకలు

సంపాదకులకు,

హార్డ్‌డిస్క్ తెరుచుకోకపోతే చాలు, వెంటనే విండోస్‌లోని డిస్క్ తనిఖీ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్ (chkdsk) నడపమంటారు. అది ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చూపే అమరికను, సరిచేస్తుందే తప్ప ఫైళ్లను కాపాడదు. ఆ అమరికలో తెగిపోయిన ఫైళ్ల నమోదులను కొట్టేస్తుంది కూడా. డిస్క్ టకటకలాడుతుంటే కరెంటు తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వడమే. చదవలేని సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న భాగాలు) మాత్రమే ఉంటే ముందు డీడీరెస్క్యూ (ddrescue) అనే నకలు తీసే ప్రోగ్రామ్‌తో, ఏ భాగం చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుని, అంతే సైజు లేదా అంతకన్నా పెద్ద డిస్క్‌లోకి నకలు తీయాలి. మరమ్మతు ఆ నకలు మీదే.

విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు విండోస్ చెక్‌డిస్కే సరి. లినక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్‌వి పైపై సవరణలే. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4కు ఈ2ఎఫ్‌ఎస్‌సీకే (e2fsck) ప్రోగ్రామ్, మొదట డిస్క్‌పై ఏమీ రాయని ‘-ఎన్’ (-n) ఆప్షన్‌తో. దాని ముఖ్య వివరాలుండే సూపర్‌బ్లాక్ చెడిందా? 4 కేబీ బ్లాకులైతే మామూలుగా తొలి బ్యాకప్ 32768వ బ్లాకులో ఉంటుంది. ఫొటోలే కావాలంటే పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ (PhotoRec) ప్రోగ్రామ్ చాలు, ఫైళ్ల పాత పేర్లు మాత్రం దక్కవు.

– ఒక పాఠకుడు, హన్మకొండ