మా ఊరి వానను ఎవరు కొలుస్తారు?

సంపాదకులకు నమస్కారం.

పత్తికొండ మండలంలో ఆరెకరాల ఎర్రనేల నాది. వానే ఆధారం, వేరుశనగే పంట. కృత్రిమ మేధ (ఏఐ) పర్యావరణాన్ని, సేద్యాన్ని కాపాడుతుందని ఈమధ్య తరచు చదువుతున్నాను. అది వట్టిమాట అనను. 2016లో మా పక్క దేవనకొండ మండలంలోనే మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతుల ఫోన్లకు తెలుగులో సందేశాలు పంపాయి. ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు, నేలలో తేమ అంచనా చూసి విత్తే వారం చెప్పాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ప్రకటించాయి. మృగశిరలో నాలుగు చినుకులు పడగానే గొర్రు కట్టే మాకు, ఆగమని చెప్పేవాళ్లుండటం చిన్న సంగతి కాదు. మొలక ఎండిపోతే విత్తనం మళ్లీ కొనాలి, డీజిలు మళ్లీ తగలెయ్యాలి.

మొన్న ఖరీఫ్‌లో నాకు వేరేచోటి నుంచి ఇలాంటి సందేశమే వచ్చింది. మీ ప్రాంతంలో పదును చాలు, విత్తుకోండి అని. వాన కురిసింది మండల కేంద్రంలో. మా చేలల్లో దుమ్మే. సీమ వానలంతే, గట్టుకు అవతల తడిస్తే ఇవతల తడవదు. నమ్మి మూడెకరాలు విత్తాను, సగం కూడా మొలవలేదు. మా నాయనైతే జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లో పట్టి చూడకుండా గింజ వేసేవాడు కాదు. ఆ పని నేనూ చేసి ఉండాల్సింది. కానీ మా ఊరి వాన ఆ కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? మా ఊళ్లో వర్షమాపకమే లేదు.

కొలవాల్సింది ఇంకొకటీ ఉంది. విశాఖకు గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన ఏఐ కేంద్రం గిగావాట్ స్థాయిది, అంటే 1,000 మెగావాట్లు. మా సీమలోని థర్మల్ విద్యుత్ కేంద్రం ఆర్టీపీపీ మొత్తం సామర్థ్యమే 1,650 మెగావాట్లు. ఆ కేంద్రంలో కంప్యూటర్లను చల్లబరచడానికి నీళ్లు కావాలి, లేదంటే ఇంకా కరెంటు కావాలి. పరిశ్రమ వద్దని నేననను, మా పిల్లలకూ ఉద్యోగాలు కావాలి. రైతుల మోటార్లకు మీటర్లు బిగించడం 2020లోనే శ్రీకాకుళంలో మొదలుపెట్టిన రాష్ట్రం మనది. ఆ కేంద్రం వాడే నీటికి, కరెంటుకు కూడా అదే పట్టుదలతో లెక్కగట్టి నెలనెలా జనం ముందు పెట్టాలి.

ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర ఒక వర్షమాపకం పెట్టించండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాసే పని మేమే చేస్తాం.

ఒక వేరుశనగ రైతు,
పత్తికొండ మండలం, కర్నూలు జిల్లా