పుట్టిన తేదీ ఒక రోజు వెనక్కి ఎందుకు పోతుంది?

సంపాదకులకు,

ఆన్‌లైన్ దరఖాస్తులో పుట్టిన తేదీ మారిపోయినా, పేరు ఎక్కకపోయినా ‘సర్వర్ ప్రాబ్లమ్’ అనడం అలవాటైపోయింది. చాలాసార్లు సర్వర్ బాగానే ఉంటుంది. ఒక ప్రభుత్వ శాఖ జావాలో, ఇంకొకటి డాట్‌నెట్‌లో (ప్రోగ్రాములు రాసే రెండు వేర్వేరు సాధనాలు ఇవి) రాయించుకున్న వెబ్ సర్వీసులు, అంటే నెట్ ద్వారా సమాచారం ఇచ్చిపుచ్చుకునే ప్రోగ్రాములు, ఒకే సమాచారాన్ని రెండు రకాలుగా చదువుకుంటాయి.

తేదీ సంగతే చూడండి. 1990 ఏప్రిల్ 5, అర్ధరాత్రి 00:00 అని మన కాలమానంలో ఉన్నదాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోకి మారిస్తే ఏప్రిల్ 4, 18:30 అవుతుంది. అవతలి ప్రోగ్రామ్ గంటలు వదిలేసి తేదీ ఒక్కటే దాచుకుంటే ఒక రోజు పోయినట్టే. పుట్టిన తేదీకి టైమ్‌జోన్ ఎందుకసలు? 1990-04-05 అని పంపితే చాలు.

బ్యాంకు ఖాతా నంబరును సంఖ్యగా పంపితే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. పెద్ద నంబర్లతో ఇంకో చిక్కు: జావాలో పూర్ణసంఖ్యలకు వాడే ‘లాంగ్’ 64 బిట్లనూ పట్టుకుంటుంది, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో మామూలు సంఖ్య 9007199254740991 దాటితే గురి తప్పుతుంది. 9007199254740993 కాస్తా 9007199254740992 అవుతుంది, ఎర్రర్ కూడా రాదు. కూడికలకు వాడని నంబర్లన్నీ స్ట్రింగ్‌గానే (అక్షరాల వరుసగానే) వెళ్లాలి.

తెలుగు పేర్ల గొడవ వేరు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ (అక్షరానికీ గుర్తుకూ ఇచ్చే సంఖ్య) ఒక్కోటి 3 బైట్లు. ‘శ్రీనివాసరావు’లో వత్తులూ గుణింతాలూ కలిపి 13 కోడ్‌లు, అంటే 39 బైట్లు. డాట్‌నెట్ దాని పొడవు 13 అంటుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు ఫీల్డు పరిమాణాన్ని వార్‌చార్2(30) అని రాస్తే, విడిగా చెప్పనంతవరకూ 30 బైట్లనే లెక్క, కాబట్టి పేరు పట్టదు. టెస్టింగంతా ఇంగ్లిష్ పేర్లతో కానిచ్చేస్తే ఇది బయటపడేదెలా?

పాత సోప్ సర్వీసులు (ఎక్స్ఎమ్ఎల్ అనే ట్యాగుల రూపంలో సందేశాలు పంపేవి) ఇంకా నడుస్తున్నచోట మరొకటుంది. తప్పనిసరి కాని సంఖ్యకు డాట్‌నెట్ ప్రాక్సీలో (అవతలి సర్వీసును పిలవడానికి తయారయ్యే కోడ్‌లో) పక్కనే ‘స్పెసిఫైడ్’ అనే ఫీల్డు పుడుతుంది. దాన్ని ట్రూ చేయకపోతే, నింపిన విలువ ఎక్స్ఎమ్ఎల్‌లోకే రాదు. పంపామని వీళ్లు, రాలేదని వాళ్లు! నెట్‌వర్క్‌లో వెళ్లిన అసలు ఎక్స్ఎమ్ఎల్ తెరిచి చూస్తే అయిదు నిమిషాల్లో తేలే తగువు ఇది. సోప్ సందేశం రాసే పద్ధతుల్లో ఒకటైన ఆర్‌పీసీ/ఎన్‌కోడెడ్‌ను, వేర్వేరు సాఫ్ట్‌వేర్లు కలిసి పనిచేయడానికి పెట్టిన 2004 నాటి డబ్ల్యూఎస్-ఐ బేసిక్ ప్రొఫైల్ నిబంధనలే కాదన్నాయి. అది కనిపిస్తే డాక్యుమెంట్/లిటరల్ అనే పద్ధతికి మార్చుకోవాలి.

బిల్లు చెల్లించే ముందు శాఖలు ఒక పరీక్ష పెట్టాలి: ఒక జావా క్లయింట్ (సర్వీసును వాడుకునే ప్రోగ్రామ్), ఒక డాట్‌నెట్ క్లయింట్, ఒక బ్రౌజర్ నుంచి పొడవాటి తెలుగు పేరు, సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు, పుట్టిన తేదీ, ఒక ఖాళీ ఫీల్డు పంపించి, డేటాబేస్‌లో ఏం పడిందో చూడాలి.

— కొందరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, హైదరాబాద్