కెమెరాలు సరే, పబ్ సిబ్బందికి నేర్పేదెవరు?

సంపాదకుడి గారికి,

కొత్త సంవత్సరం వేడుకలకు పోలీసులు పెట్టిన నిబంధనల గురించి మీ సిటీ పేజీలో వార్త వచ్చి పది రోజులు దాటింది. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లూ ఆగాను, మనసు ఊరుకోవడం లేదు. సీసీ కెమెరాలు, పార్కింగ్, డీజే శబ్దం, మైనర్లు, తాగి బండి నడిపితే కేసు. ఏటా ఇవే. అవసరమైనవే, కాదనను. కానీ లోపల ఒక అమ్మాయిని ఎవడైనా వేధిస్తే ఆ క్షణంలో దగ్గర ఉండేది వెయిటర్, బార్‌టెండర్, బౌన్సర్. వాళ్లకు ఏం చేయాలో నేర్పారా అని అడిగే వాక్యం ఆ వార్తలో ఒక్కటీ లేదు.

మా అమ్మాయి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న ఆగస్టులో ఎవరిదో పుట్టినరోజని నలుగురు ఆడపిల్లలు కలిసి ఒక పబ్‌కి వెళ్లారు. పక్క టేబుల్‌ వాడు ఫోన్ నంబర్ ఇమ్మని వెంటపడ్డాడు, వద్దంటే చెయ్యి పట్టుకున్నాడు. బౌన్సర్‌కి చెబితే "గొడవెందుకు మేడమ్, మీరే టేబుల్ మారండి" అన్నాడట. మారారు. వాడు అక్కడికీ వచ్చాడు. అప్పుడు సిబ్బంది రెండు టేబుళ్ల బిల్లులూ తెచ్చి, వీళ్లనీ వాణ్నీ ఒకేసారి బయటికి పంపేశారు. రాత్రి పదకొండున్నరకి, క్యాబ్ ఇంకా రాకముందే, వాడు నిలబడి ఉన్న రోడ్డు మీదికే! ఆ బౌన్సర్ చెడ్డవాడని నేను అనను. లోపల గొడవ జరగకూడదని మాత్రమే అతనికి చెప్పి ఉంటారు.

నేర్పాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ముందు ఇద్దర్నీ విడదీయాలి. ఏం చేయమంటావమ్మా అని ఆ పిల్లనే అడగాలి. పంపాల్సింది వాణ్ని. ఆమె క్యాబ్ ఎక్కేదాకా ఒకరు తోడు నిలబడాలి, ఫుటేజీ చెరిగిపోకుండా దాచాలి. స్పృహ తప్పేలా ఉన్న అమ్మాయిని ఎవడో "మా ఫ్రెండే" అంటూ నడిపించుకుపోతుంటే ఆపి అడగాలి. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో 2016లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఇబ్బందిలో ఉన్న మనిషి కౌంటర్ దగ్గరికెళ్లి "ఏంజెలా ఉందా?" అని అడిగితే సిబ్బంది విషయం గ్రహించి, చడీచప్పుడు లేకుండా క్షేమంగా బయటికి చేరుస్తారు. పోస్టర్ అంటించి సిబ్బందికి నేర్పని చోట్ల ఆ మాట అక్కడా పనిచేయలేదు.

మనకు చట్టాలు లేక కాదు. సెక్యూరిటీ ఏజెన్సీలు గార్డులకు శిక్షణ ఇవ్వాలని 2005 చట్టమే చెబుతోంది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం, అక్కడికి వచ్చిపోయే వాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించే బాధ్యత యజమానిదే అంది, సిబ్బందికి అవగాహన తరగతులు పెట్టమంది. పబ్బుల్లో పనిచేసే ఆడపిల్లల సంగతి అసలు ఎవరికైనా పట్టిందా? కస్టమర్ వెకిలి మాటలకు నవ్వి ఊరుకోవడమే వాళ్ల ఉద్యోగం అన్నట్టుంది. ఎక్సైజ్ శాఖ లైసెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు ఫీజుతో పాటు ఈ శిక్షణ సంగతీ ఎందుకు అడగదు? శబ్దం మీద జూబ్లీహిల్స్ వాసులు హైకోర్టు దాకా వెళ్తే, 2022లో రాత్రి పది తర్వాత మోత ఆపమని ఆదేశాలొచ్చాయి. అదే ఏడాది మే నెలలో పబ్ నుంచి బయటికి వచ్చిన ఒక మైనర్ బాలికకు జరిగిన ఘోరం ఊరంతా చూసింది. దాని తర్వాతైనా గుమ్మం దగ్గర నిలబడే మనిషికి ఏం నేర్పారు?

అసలు ఆడపిల్లలకు పబ్బులెందుకు అనేవాళ్లకు ఒక మాట. మా రోజుల్లో సిటీ బస్సులో ఎవడైనా వేషాలు వేస్తే కండక్టర్ బెల్లు కొట్టి, బస్సు ఆపించి దించేసేవాడు. నువ్వు బస్సెందుకు ఎక్కావని మమ్మల్ని అడగలేదు. ఇప్పుడు చదువుకున్న అధికారులే ముందు ఆ ప్రశ్న వేస్తున్నారు.

2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ వివరాలు అందరికీ కనబడేలా గోడకు పెట్టాలి. మీ విలేకరులు ఊళ్లో ఓ పది పబ్బులకు వెళ్లి ఆ కాగితం ఎక్కడైనా ఉందేమో చూసి, డిసెంబర్ 31 లోపు మీ పేజీలో వేయగలరా?

– ఒక తల్లి,
కూకట్‌పల్లి, హైదరాబాద్