కదలికలు తగ్గడం కాన్పు గుర్తు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

నెలలు నిండాక ఒంట్లో వచ్చే మార్పుల గురించి మొన్న మీ హెల్త్ పేజీలో వేసింది చదివాను, మంచి పనే చేశారు, కానీ సగం కాలమ్ ఉమ్మనీరు పోవడం గురించే రాసేసి బిడ్డ కదలికల గురించి మాత్రం ఒక్క లైన్ కూడా వెయ్యలేదు. అదే నాకు మింగుడు పడలేదు. నేను డాక్టర్ని కాదు, రెండు కాన్పులైన మనిషిని, అంతే.

సినిమాల్లో చూపించినట్టు భళ్ళున నీళ్ళు పోయి ఆ వెంటనే నొప్పులు రావడం అందరికీ జరగదండీ. నెలలు నిండిన వాళ్ళలో నొప్పుల కంటే ముందే ఉమ్మనీరు పోయేది వందలో ఎనిమిది పది మందికే. అది కూడా ఒక్కోసారి చుక్కచుక్కగా కారుతుంది, యూరిన్ అనుకుని ఊరుకుంటాం. ప్యాడ్ పెట్టుకుని రంగు చూసుకోవాలి, ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే బిడ్డ లోపలే విరేచనం చేసిందేమో అని అనుమానించాలి, ఇక లేట్ చెయ్యకూడదు. రంగు మామూలుగా ఉన్నా సరే ఉమ్మనీరు పోతోందని డౌటొస్తే హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పాల్సిందే.

డెలివరీ డేట్ సంగతి సరేసరి. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి ఇస్తారు, సరిగ్గా ఆ రోజే కనేది వందలో నలుగురో ఐదుగురో. అయినా ఆ డేట్ దాటిన రోజు నుంచి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి చూడండి, నొప్పుల కంటే అవే ఎక్కువ బాధ.

పొట్ట కిందకి జారడం తొలి కాన్పులో నాకు బాగా తెలిసింది, రెండు మూడు వారాల ముందే బిడ్డ తల దిగిపోయి ఊపిరి హాయిగా ఆడేది, బదులుగా అరగంటకోసారి బాత్రూమ్‌కి పరుగు. రెండోసారి కూడా అలాగే జారుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నా, నొప్పులు మొదలయ్యేదాకా జారనే లేదు, రెండో కాన్పులో అలా కూడా ఉంటుందట. చిక్కటి జిగురు, కాస్త గులాబీ రంగుతో పడితే గర్భసంచి నోరు మెత్తబడుతోందని అర్థం, కానీ నొప్పులు ఆ రోజే రావచ్చు, వారం పట్టొచ్చు కూడా. అదే ఎర్రగా రక్తం పోతే మాత్రం ఎదురుచూసేది లేదు, వెంటనే బయల్దేరాలి.

దొంగ నొప్పులు లేచి నాలుగడుగులు వేస్తేనో పక్కకి తిరిగి పడుకుంటేనో సర్దుకుంటాయి. అసలువి తగ్గవు, టైమ్ పెట్టి చూస్తే ఒకదాని వెంట ఒకటి దగ్గరపడుతూ ముదురుతూ వస్తాయి. ఐదు నిమిషాలకోసారి వచ్చి ఒక్కోటి నిమిషం పాటు ఉంటూ గంటసేపు అలాగే సాగితే బయల్దేరమని మాకు చెప్పారు, రెండో కాన్పైతే అంతసేపు కూడా ఆగొద్దన్నారు. ఇక 37 వారాలు నిండకముందే ఇలాంటివి మొదలైతే లెక్కలేమీ పెట్టుకోకుండా వెళ్ళిపోవడమే.

ఇప్పుడు అసలు విషయం. రెండోసారి 38వ వారంలో ఒక సాయంత్రం బిడ్డ కదలడం బాగా తగ్గింది. ఇంట్లో అందరూ ఒకటే మాట, నెలలు నిండాయి కదా లోపల చోటెక్కడుంది, కాన్పు దగ్గరపడితే అంతే, పొద్దున చూద్దాంలే అని. నాకూ నిజమే అనిపించింది, రాత్రంతా పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకున్నా. పొద్దున వెళ్తే డాక్టరమ్మ మానిటర్ పెట్టి చూసి అడిగిన మొదటి మాట, రాత్రే ఎందుకు రాలేదమ్మా అని. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి తీశారు, పాప క్షేమంగా ఉంది, ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది. ఆవిడ చెప్పిందేంటంటే, చివర్లో తన్నడం బదులు దొర్లినట్టు, సాగదీసినట్టు అనిపించొచ్చు కానీ కదలికలు తగ్గకూడదు, నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. ఎన్నిసార్లు అనే లెక్క అందరికీ ఒకటి కాదు, నీ బిడ్డ అలవాటు నీకు తెలుసు కదా, అది మారితే అర్ధరాత్రైనా రావాలి అంది.

తలనొప్పి ఎంతకీ తగ్గకపోయినా, చూపు మసకబారినా, మొహం ఒక్కసారిగా ఉబ్బినా అది బీపీ వల్ల కావచ్చు, దాన్ని కూడా మీరు వదిలేశారు. ఈసారి ఆ పేజీ వేసేటప్పుడు ఇదొకటి, కదలికల మాటొకటి చేర్చండి, కదలికల సంగతి మాత్రం పైన పెద్ద అక్షరాల్లో వెయ్యండి, ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళజోడు లేకుండా చదివేలా.

ఇట్లు
మీ పాఠకురాలు